పిల్లలు తాగుతున్న చక్కెర

శ్రోతలందరికీ నమస్కారం.

పిల్లలు తీపి ఎక్కువ తింటున్నారనగానే మనకు మిఠాయి కొట్టు గుర్తొస్తుంది. నెల్లూరులో ఉంటూ మలైకాజా ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పడం నాకు ఇష్టం లేదు. మలైకాజా అయినా, సంక్రాంతి అరిసెలైనా ఎప్పుడో ఒకసారి తినేవి. నా భయమంతా రోజూ గ్లాసులో, సీసాలో లోపలికి వెళ్లే చక్కెర గురించే.

ముందు లెక్క చూద్దాం. రోజంతా ఒంటికి అందే శక్తిలో చక్కెర వాటా పదో వంతు దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బడి ఈడు పిల్లలకు 25 గ్రాములు, అంటే ఐదారు చిన్న స్పూన్లు, అనుకోండి. పసివాళ్లకు ఇంకా తక్కువ. బెల్లం, తేనె, పళ్లరసంలోని తీపి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పండును కొరుక్కుని తింటే, పాలు ఉత్తవిగా తాగితే రావు. 4 నుంచి 10 ఏళ్ల పిల్లలకు 13 శాతం, 11 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 15 శాతం శక్తి చక్కెర నుంచే వస్తోందని కేంద్ర విద్యా బోర్డు సీబీఎస్ఈ 2025 మే నెలలో తన బడులకు రాసింది. అందుకే చక్కెర ఎంత తినొచ్చో, దేంట్లో ఎంత ఉందో రాసి చూపే షుగర్ బోర్డు ప్రతి బడిలో పెట్టమంది.

ఇక మన ఎండల సంగతి. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు బస్టాండుల్లో నిలబడితే పిల్లల చేతుల్లో కూల్ డ్రింకులే. చాలా కూల్ డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు అటూఇటూగా చక్కెర ఉంటుంది. పావు లీటరు సీసా ఒక్కటి తాగితే ఆ రోజు కోటా అయిపోయినట్టే. సీసా మీద మామిడికాయ బొమ్మ ఉందని మోసపోకండి. అందులో గుజ్జు కొంచెమే, మిగతాది చాలావరకు నీళ్లు, చక్కెర.

తాగే చక్కెరతో ఇబ్బంది ఏమిటంటే, కడుపు నిండినట్టు ఉండదు. తాగాక కూడా పిల్లాడు అన్నం మామూలుగానే తింటాడు, ఆ చక్కెర అదనంగా ఒంట్లో చేరుతుంది. ఎక్కువైనది కాలేయంలో కొవ్వుగా మారుతుంది. ఇక పళ్లు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చి పంటి పైపొరను కరిగిస్తాయి. ఒకేసారి తాగేయడం కన్నా గంటల తరబడి కొంచెం కొంచెంగా చప్పరిస్తే పళ్లకు ఎక్కువ హాని.

తల్లులు ప్రేమతో ఇచ్చే చక్కెర ఒకటుంది. పాలల్లో కలిపే మాల్ట్ పొడి. అందులో చక్కెర ముందే ఉంటుంది, పైన మనం మళ్లీ రెండు స్పూన్లు వేస్తాం. ఇలాంటి పొడులను ‘హెల్త్ డ్రింక్స్’ వరుసలోంచి తీసేయమని ఆన్‌లైన్ షాపింగ్ సైట్లకు కేంద్రం 2024 ఏప్రిల్‌లో చెప్పింది. బడుల్లో ఇచ్చే రాగిజావలోనూ బెల్లం ఉంది కదా అని అడుగుతారు. ఉంది, కానీ దానితో పాటు రాగుల కాల్షియం కూడా పిల్లలకు అందుతుంది. నేను దాన్ని తప్పుపట్టను.

విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ గురించి మరీ జాగ్రత్తగా ఉండాలి. అసలైన ద్రావణంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. అదే పేరు తగిలించుకుని అంతకు ఎన్నో రెట్ల చక్కెరతో పానీయాలు అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయమ్మా. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి.

మన నెల్లూరు, ఒంగోలు ఇంటర్ హాస్టళ్లకు ఆదివారం వచ్చే తల్లిదండ్రులను చూస్తుంటాను. ఉదయగిరి నుంచో, పొదిలి నుంచో బస్సు దిగి, బిడ్డ సరిగ్గా తినడం లేదన్న దిగులుతో సంచి నిండా క్రీమ్ బిస్కెట్లు, పెద్ద కూల్ డ్రింక్ సీసా తెస్తారు. ఆ ప్రేమను కాదనేది ఎవరు? కానీ పరీక్షల టెన్షన్‌లో, ఆటల్లేని ఆ గదుల్లో వారం మొత్తం పిల్లలు నమిలేది అదే. క్రీమ్ బిస్కెట్లలో మూడో వంతు దాకా చక్కెర ఉంటుంది. ప్యాకెట్ వెనక ‘యాడెడ్ షుగర్’, అంటే కలిపిన చక్కెర, అన్నచోట అంకె చూడండి. చదవడం రాకపోతే మీ బిడ్డనే చదవమనండి.

ఈ ఆదివారం వెళ్లేవాళ్లు వేయించిన వేరుశనగ గింజలు, జామకాయలు, ఉడికించిన గుడ్లు పట్టుకెళ్లండి. గుడ్లు మాత్రం ఆ పూటే తినేయమని చెప్పండి. ముంజల కాలమైతే ముంజలు సరేసరి. ఇంట్లో ఉన్న పిల్లలకు ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి, గూడూరు నిమ్మకాయ పిండిన నీళ్లివ్వండి, చక్కెర మాత్రం అర స్పూను దాటనీయకండి. పాలల్లో చక్కెర ఒక్కసారిగా మానిపిస్తే గ్లాసు పక్కన పెట్టేస్తారు. వారానికి అర స్పూను చొప్పున తగ్గిస్తూ రండి, నాలుక అలవాటు పడుతుంది. రెండేళ్ల లోపు పసిపిల్లలకైతే అసలు చక్కెర అలవాటే చేయకండి.

నమస్కారం.