వ్యాన్‌లో కాపురం: ఒక శ్రోత ప్రశ్న

వ్యాఖ్యాత: డల్లాస్ నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు. నమస్కారం, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నేను హెచ్1బీ వీసా మీద, ఇంటి నుంచే పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, వ్యాన్ కొనుక్కొని, పాతకాలపు హోబోల్లాగా ఊరూరా తిరుగుతూ బతకాలని రెండేళ్లుగా మనసు లాగుతోంది. ఆ మాట చెబితే, దేశదిమ్మరివి అయిపోతావా అని అమ్మ కంటతడి పెట్టుకున్నారు.

సలహాదారు: బాబూ, హోబోలు దేశదిమ్మరులు కారని ముందుగా అమ్మగారికి చెప్పండి. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, రైలు మార్గాలు పడమటికి సాగుతున్న రోజుల్లో, గోధుమ కోతలకూ పండ్ల తోటలకూ కలప పనులకూ దొంగచాటుగా గూడ్సు బండ్లెక్కి వెళ్లిన కూలీలు వాళ్లు. పని చేస్తూ తిరిగేవాడు హోబో, పని చేయకుండా తిరిగేవాడు ట్రాంప్, తిరగనూ తిరగక పనీ చేయనివాడు బమ్ అని వాళ్లే తేడా చెప్పుకునేవారు. అయోవాలోని బ్రిట్ అనే చిన్న ఊళ్లో 1900లో మొదలైన హోబోల సమ్మేళనం ఇప్పటికీ ఆగస్టులో జరుగుతోంది. అయితే కదిలే బండి కింద పడి కాళ్లు పోగొట్టుకున్నవారూ, రైల్వే కాపలాదారుల చేతిలో దెబ్బలు తిన్నవారూ వారిలో ఎందరో ఉన్నారు.

శ్రోత: మరి నా సంగతి ఏమిటండీ?

సలహాదారు: హోబో పని ఉన్నచోటికి వెళ్లాడు, మీ పని మీ వెంట రాగలదా అన్నది తేల్చుకోవాలి. హెచ్1బీ పిటిషన్ పని చేసే చోటుతో ముడిపడి ఉంటుంది. ఆ నగర పరిధి దాటి పనిచోటు మారితే సాధారణంగా కంపెనీ సవరణ పిటిషన్ వేయవలసి వస్తుంది. నివాసం మారితే 10 రోజుల్లోగా మీరే ప్రభుత్వానికి తెలపాలి. వీసా న్యాయవాదిని అడగకుండా అపార్ట్‌మెంట్ ఖాళీ చేయకండి.

శ్రోత: అయితే ఈ ఆలోచన మానుకోవాలా?

సలహాదారు: అక్కర్లేదు. సెలవు పెట్టి, వ్యాన్ అద్దెకు తీసుకొని, జనవరిలో అరిజోనాలోని క్వార్ట్‌జైట్‌కు వెళ్లండి. అక్కడి ఎడారిలో చలికాలమంతా వేలాది బండ్లు విడిది చేస్తాయి. కొన్ని ప్రభుత్వ భూముల్లో 14 రోజుల వరకు ఉచితంగా ఉండనిస్తారు. నేనూ ఒక చలికాలం అక్కడ గడిపాను. రాత్రంతా మన ఊపిరే అద్దాలకు లోపలివైపు నీరై పట్టి, తెల్లవారేసరికి దిండు మీదికి కారుతుంది. అది తుడుచుకొని, ఐదు గాలన్ల డబ్బాలో నీళ్లెన్ని మిగిలాయో చూసుకున్నాకే కాఫీ పెట్టుకునేవాణ్ని. ఎంత చలి ఉన్నా కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి పడుకోమని నేర్పింది పక్క బండిలోని పెద్దావిడ. వచ్చే పింఛను ఇంటి అద్దెకే చాలక ఆవిడ రోడ్డెక్కారు. అటువంటి వారితో కూర్చొని మాట్లాడండి.

శ్రోత: మరి అమ్మకు ఏమని చెప్పమంటారు?

సలహాదారు: ఈసారికి 14 రోజులేనని, తిరిగి వచ్చే తేదీతో సహా చెప్పండి. సిగ్నల్ దొరికిన చోటల్లా ఫోన్ చేయండి.