బండి చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి

(బెంగళూరులో తెలుగువారి సంక్రాంతి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక వరుసల్లో హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న యువకులకు నమస్కారం. వేదిక మీద ఉన్నవారిని పేరుపేరునా పలకరించడం మర్యాద. నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ మర్యాద లోటు లేకుండా జరిపారు. వారి మాటలనే నావిగా భావించి, నన్ను నేరుగా విషయంలోకి వెళ్ళనివ్వండి.

కార్యక్రమ పత్రంలో నాకిచ్చిన అంశం ‘పండుగ ప్రయాణాలు, జాగ్రత్తలు’. హెల్మెట్, వేగం, మద్యం, నిద్రమత్తు... ఈ నాలుగింటి గురించీ చెప్పమన్నారు. అవన్నీ ముఖ్యమే. కానీ వాటి గురించి పోలీసులు చెబుతున్నారు, పత్రికలు రాస్తున్నాయి, కూడలి కూడలికీ బోర్డులున్నాయి. టైరులో గాలి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ రోజు నేను దాని గురించే మాట్లాడతాను.

నా ఉద్యోగమంతా టైర్ల మధ్యే గడిచింది. ‘టైరు మంచిది కాదు, మార్చి ఇవ్వండి’ అని జనం తిరిగి తెచ్చిన టైర్లను లోపలా బయటా పరీక్షించి, అవి ఎందుకు పాడయ్యాయో రాయడం నా పని. టైరు బయటి నుంచి చూస్తే కొత్తదానిలా ఉండేది. లోపల చెయ్యి పెట్టి తడిమితే వేళ్ళకు నల్లటి పొడి అంటుకునేది. పక్క గోడ లోపలివైపు చుట్టూరా ఒక వలయం అరిగిపోయి కనిపించేది. గాలి తక్కువగా ఉన్న టైరు బరువు కింద నలిగి నలిగి, తన వేడికి తానే చితికిపోయిందనడానికి ఆ పొడే సాక్ష్యం. బండి బరువును మోసేది రబ్బరు అనుకుంటాం. మోసేది లోపలి గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచుతుంది, అంతే.

గాలి టైరుకు మొదట పేటెంటు తీసుకున్నది 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ ఆయన. దాన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులకు అదిరిపోకుండా ఉండాలని మళ్ళీ గాలి టైరు తయారు చేశాడు. మనం వాడుతున్న టైరుకు మూలం ఒక తండ్రి తన పిల్లవాడి కోసం పడిన తపన. మనం మన పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని నెలల తరబడి ఆ టైరు వంక చూడం.

వచ్చే వారం ఈ హాల్లోని వారిలో చాలామంది హిందూపురం, అనంతపురం, కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళతారు. మరికొందరు కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు వెళతారు. మైసూరు వెళ్ళే వేగ రహదారి ప్రధాన వరుసల్లోకి 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలను రానివ్వడం లేదు. మన హైదరాబాదు రహదారి మీద మాత్రం లారీల పక్కనే మన ప్రయాణం. వెనక భార్య, మధ్యలో పిల్ల, పక్కన సంచి, ఆ సంచిలో అమ్మకు చీర, నాన్నకు మందులు. రోజూ ఒక్కరు ఆఫీసుకు వెళ్ళే బండి మీద ఆ రోజు బరువు రెట్టింపు కంటే ఎక్కువ. గాలి మాత్రం ఎప్పుడో సర్వీసింగులో కొట్టినదే.

ఒకసారి చేతులెత్తండి. మీ బండి వెనక చక్రంలో ఇద్దరు కూర్చున్నప్పుడు ఎన్ని పౌండ్ల (పీఎస్ఐ) గాలి ఉండాలో తెలిసినవారు? చూడండి, ఎంత కొద్దిమందో. ఆ అంకె మీ బండి మీదే రాసి ఉంటుంది. చైను కవరు మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేయి మీదో చిన్న స్టిక్కరు ఉంటుంది. అది చిరిగిపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మామూలు బండ్లకు ముందు చక్రంలో 25 పౌండ్ల దరిదాపుల్లో, వెనక ఒక్కరు కూర్చుంటే 28, 29 ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే 33, 36, కొన్ని బండ్లకు 40 దాకా కూడా చెబుతారు. నేను చెప్పిన అంకెలు రాసుకోవద్దు, మీ బండి అంకె చూసుకోండి.

ఇక నా బాధ ఒకటి చెప్పుకోవాలి. మా ఇంటికి దగ్గరలో ఒక పెట్రోలు బంకు ఉంది. ఎప్పుడు వెళ్ళినా గాలి మిషను మీద ‘మరమ్మతులో ఉంది’ అని రాసిన అట్టముక్క వేలాడుతుంది. పెట్రోలు పంపు ఒక్క రోజు కూడా మరమ్మతులో ఉండదు. ఇంకొక బంకులో మిషను బాగానే పనిచేస్తుంది. అక్కడి కుర్రవాడు స్కూటరుకైనా మోటారు సైకిలుకైనా, ముందు చక్రానికైనా వెనక చక్రానికైనా 35 పెట్టేస్తాడు. ముందు 25 పెట్టమంటే, ‘తక్కువైపోతుంది సార్’ అని నాకు నచ్చజెబుతాడు. గాలి ఎక్కువైతే టైరు మధ్యభాగం మాత్రమే నేలకు తగులుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే జారుతుంది. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. ఎండలో నిలబడి, ఇచ్చిన నాలుగు రూపాయలు పుచ్చుకుని పనిచేస్తున్నాడు. అతనికి పని నేర్పించని యజమాని మీదే నా కోపం. బంకులో ఉచితంగా గాలి నింపడం వారు చేసే దయ కాదు, అది వారి బాధ్యత. ప్రతి బంకులో ఫిర్యాదుల పుస్తకం ఉండాలి. అడగండి, రాయండి. నేను రాశాను. మళ్ళీ రాస్తాను. మీరు కూడా రాస్తేనే ఆ అట్టముక్క పోతుంది.

బంకు సంగతి ఎలా ఉన్నా, గాలి కొలిచే గేజి మీ దగ్గర ఉండాలి. కొన్ని వందల రూపాయలతో వస్తుంది. ఉదయం బండి తీయకముందే చూడండి. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉంటేనే టైరు చల్లగా ఉన్నట్టు. స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు చెప్పిన అంకె. కాస్త దూరం తిరిగాక లోపలి గాలి వేడెక్కి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొందరు దారి మధ్యలో ఆగి, గాలి ఎక్కువైందనుకుని తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బండి చల్లబడ్డాక అది తక్కువైపోతుంది.

బంకు ఇంటికి దూరమైతే ఏం చేయాలని నన్ను చాలామంది అడుగుతారు. ఇంటి దగ్గరే కొలవండి. 33 ఉండాల్సిన చోట 27 ఉందనుకోండి. లోటు 6. బంకుకు చేరేసరికి అదే టైరు 29 చూపిస్తుంది. దానికి ఆ 6 కలిపి 35 పెట్టించండి. చల్లబడ్డాక సరిగ్గా మీ అంకెకు వచ్చి కూర్చుంటుంది.

గాలి నింపాక నాజిల్ తీయగానే వెళ్ళిపోకండి. వేలితో కాస్త ఉమ్మి తీసి వాల్వు మూతికి రాయండి. పలచటి పొర ఏర్పడుతుంది. అది కదలకుండా ఉంటే సరే. మెల్లగా ఉబ్బి బుడగ అయితే లోపలి పిన్ను కారుతోందన్నమాట. ఆ పిన్ను ఖరీదు చాలా తక్కువ, బిగించడానికి నిమిషం కూడా పట్టదు. వాల్వుకు టోపీ పెట్టడం మరచిపోకండి. దుమ్ము లోపలికి పోకుండా కాపాడేది అదే.

పంక్చరు కిట్ల గురించి కూడా వివరంగా చెబుదామని రాసుకొచ్చాను. కానీ ఒక రాత్రి సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను.

కొన్నేళ్ళ క్రితం, భోగికి ముందు రాత్రి, నేను, మా అబ్బాయి కారులో అనంతపురం వెళుతున్నాం. బాగేపల్లి ఇంకా కాస్త దూరం ఉంది. రోడ్డు అంచున తెల్లగీత దగ్గర ఏదో చిన్న వెలుగు కదిలింది. బాగా దగ్గరికి వచ్చేదాకా అక్కడ మనుషులున్నారని మాకు తెలియలేదు. మోటారు సైకిలు సైడు స్టాండు మీద ఉంది. భర్త వెనక చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టైరు తడుముతున్నాడు. భార్య బండి వెనక వంగి నిలబడి ఫోను టార్చి పట్టుకుంది. నాలుగేళ్ళ పాప పెట్రోలు ట్యాంకు మీద నిద్రకు తూగుతోంది. ఆ అమ్మాయి ఎక్కడ నిలబడిందో ఊహించండి. వెనక నుంచి వచ్చే లారీకి, బండి వెనక లైటుకు మధ్య. వెలుగంతా చక్రం మీద పడుతోంది. ఆమె ముదురు రంగు చీర, స్వెటరు ఆ ఎర్రలైటును పూర్తిగా కప్పేశాయి.

మేము ముందుకు వెళ్ళి ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి పరుగెత్తాం. ‘ముందు పాపను దించు నాయనా’ అన్నాను. ‘రెండు నిమిషాలు సార్, మేకు ఎక్కడుందో చూస్తున్నాను’ అన్నాడు. పాపను మా అబ్బాయి ఎత్తుకున్నాడు. నలుగురం కలిసి బండిని తెల్లగీత దాటించి, మట్టి వాలు దిగి, పొలం గట్టు దాకా తోసుకెళ్ళాం. అప్పుడు ఒక లారీ వచ్చింది. బండి ఇంతకుముందు నిలబడిన చోటు మీదుగానే వెళ్ళింది. ఆ డ్రైవరుది కూడా తప్పు అనలేను. అతనికి అక్కడ ఏమీ కనిపించే అవకాశం లేదు.

తర్వాత చక్రం చూశాను. మేకు లేదు. ముల్లు లేదు. చక్రం మధ్యకు సూటిగా చూడాల్సిన వాల్వు పక్కకు ఒరిగి ఉంది. గాలి బాగా తక్కువైతే టైరు రిమ్మును గట్టిగా పట్టుకోలేదు. బ్రేకు వేసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా జరుగుతుంది, తనతోపాటు ట్యూబును లాగుతుంది. వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. చివరికి వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది. అక్కడ ప్యాచ్ వేయలేరు, ట్యూబు మార్చాల్సిందే. గాలి చివరిసారి ఎప్పుడు కొట్టించావని అడిగాను. ‘దీపావళికి సర్వీసింగులో’ అన్నాడు. రబ్బరు గుండా గాలి తనంతట తాను నెలకు సుమారు ఒక పౌండు తగ్గుతుంది, పిన్ను కారితే ఇంకా ఎక్కువ. దాని మీద ముగ్గురు, రెండు సంచులు.

అతను నిర్లక్ష్యపు మనిషి కాదు. పాప చెవులకు ఉన్ని టోపీ కట్టాడు, ఇద్దరికీ మంచి హెల్మెట్లున్నాయి. టైరు గురించి ఎవరూ చెప్పలేదు, అంతే. బండిని దగ్గరలో ఉన్న ధాబా ఆవరణలో పెట్టించి, ముగ్గురినీ కారులో ఎక్కించుకున్నాం. దారి పొడుగునా ఆ అమ్మాయి మాట్లాడలేదు.

అందుకే అక్కచెల్లెళ్ళను ప్రత్యేకంగా అడుగుతున్నాను. అమ్మా, బండి ఆగిన చోట టార్చి పట్టుకుని చక్రం దగ్గర నిలబడకండి. ఆయన ఎంత పిలిచినా వెళ్ళకండి. పిల్లల్ని తీసుకుని రోడ్డు దిగి, వాహనాలు వచ్చే వైపు చూస్తూ దూరంగా నిలబడండి. టార్చి వెలుగు చక్రం మీద కాదు, వచ్చే వాహనాలకు కనిపించేలా ఊపండి. మీ మాట ఆయన వింటారు. నా మాట కంటే మీ మాటే వింటారు.

నడిపేవారికి చెబుతున్నాను. వెనక చక్రంలో గాలి పోతే బండి తోక ఊగినట్టు ఊగుతుంది, ముందు చక్రంలో పోతే హ్యాండిలు బరువెక్కుతుంది. కంగారుపడి బ్రేకు తొక్కకండి. హ్యాండిలు గట్టిగా పట్టుకుని, యాక్సిలేటరు మెల్లగా వదలండి. గాలి పోయిన చక్రానికి బ్రేకు వద్దు, రెండో చక్రానికి మెత్తగా వేయండి. ఎడమ ఇండికేటరు వేసి తెల్లగీత దాటి, ఇంకా లోపలికి వెళ్ళి ఆపండి. ఇంజను ఆపితే కొన్ని బండ్లకు వెనక లైటు ఆరిపోతుంది. తాళం అలాగే ఉంచి ఇండికేటరు వెలగనివ్వండి. రిమ్ము వంగినా ఫరవాలేదు, ట్యూబు నలిగినా ఫరవాలేదు. రోడ్డు దిగాకే మేకు వెతకండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ప్రాణాపాయమైతే 112. ఇప్పుడే ఫోను తీసి రాసుకోండి, నేను ఆగుతాను.

రాసుకున్నారా? సంతోషం.

ట్యూబులెస్ టైరుకు మేకు దిగితే పీకేయకండి. అది ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది, నెమ్మదిగా దుకాణం చేరుకోవచ్చు. రంధ్రంలోకి దూర్చి మూసే రబ్బరు స్ట్రిప్పు వేయడం కష్టమేమీ కాదు, కానీ నేలకు తగిలే భాగంలోనే వేయాలి. పక్క గోడకు రంధ్రం పడితే టైరు మార్చాల్సిందే. ట్యూబు టైరైతే గాలి పోయాక నడపకండి, తోసుకెళ్ళండి. దుకాణంలో ప్యాచ్ వేశాక, టైరు లోపల చుట్టూరా ఒక గుడ్డ పెట్టి తుడవమనండి. ముల్లు ముక్క మిగిలి ఉంటే గుడ్డకు చిక్కుకుంటుంది. లేకపోతే నాలుగు కిలోమీటర్లు వెళ్ళేసరికి మళ్ళీ అదే పంక్చరు.

మన బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఉద్యోగి అయస్కాంతం కట్టిన కర్రతో ఏళ్ళ తరబడి మేకులు ఏరిన సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఆయనకు ఇక్కడి నుంచే నమస్కరిస్తున్నాను. అంత ఓపిక మనందరికీ ఉండకపోవచ్చు. ఈ సంఘం తరఫున ఒక మంచి గేజి, ఒక కాలి పంపు కొని మన కార్యాలయంలో పెట్టాలని అధ్యక్షులవారిని అందరి ముందూ కోరుతున్నాను. డబ్బు సమస్య అయితే నేనే కొని తెస్తాను.

సభ మొదలై మూడు గంటలు దాటింది. కింద పార్కింగులో, నీడలో పెట్టిన మీ బండ్ల టైర్లు ఇప్పుడు చల్లగా ఉన్నాయి. గేజి, పంపు తెచ్చాను. భోజనాలు వడ్డించే లోపు నేను అక్కడే ఉంటాను. వచ్చే వారం పిల్లలతో ఊరెళ్ళేవారు ముందు రండి. స్టిక్కరు ఎక్కడుందో చూసుకుని రండి.

నమస్కారం.