మ్యాప్‌లో మన ఊరి పేరు తెలుగులో ఎక్కించడం ఎలా: శ్రీకాకుళం జిల్లా ఉదాహరణలతో

నమస్తే అండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అంటే ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్‌లో, ఊళ్ల పేర్లు తెలుగులో ఎలా చేర్చాలో ఈరోజు చేసి చూపిస్తాను. లాగిన్ అయ్యి ‘ఎడిట్’ నొక్కితే ఇదిగో, ఇలా మ్యాప్‌ని దిద్దే ఐడీ ఎడిటర్ తెరుచుకుంటుంది.

ఆమదాలవలస దగ్గరికి జూమ్ చేద్దాం. ఊరి గుర్తు మీద నొక్కండి. ఎడమ పక్కన ‘నేమ్’ అని గడి ఉంది, దాని పక్కనే ప్లస్ గుర్తు. అది నొక్కి భాష తెలుగు అని ఎంచుకోండి. కింద ట్యాగుల్లో, అంటే ఆ ఊరి వివరాల జాబితాలో, ‘నేమ్ కోలన్ టీఈ’ (name:te) అని పడుతుంది. ‘టీఈ’ అంటే తెలుగు భాష కోడ్. తెలుగు పేరు రాయాల్సింది అక్కడే. పై గడిలో ఉన్న ఇంగ్లీషు పేరు చెరిపేయొద్దు, రెండు పేర్లూ ఒకే గడిలో గీత పెట్టి ఇరికించొద్దు. ఏ భాష పేరు ఆ భాష గడిలో ఉంటేనే, తెలుగులో మ్యాప్ చూసేవాళ్లకి యాప్ తెలుగు పేరు తీసి చూపించగలదు.

ఇక అసలు సంగతి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి తెలుగు పేరు ఊహించకండి. పొందూరులో ఉన్నది ‘దూ’నో ‘డూ’నో ఇంగ్లీషు ‘డి’ చెప్పదు. పలాసలో దీర్ఘం కనిపించదు. టెక్కలి చివర ‘లి’, కోటబొమ్మాళి చివర ‘ళి’ ఉంటాయి, ఇంగ్లీషులో మాత్రం రెండింటికీ ఒకటే ‘ఎల్’. ఇంగ్లీషు అక్షరాల్ని తెలుగులోకి మార్చే కన్వర్టర్‌లో వేసినా ఇదే తంటా. పంచాయతీ ఆఫీసు బోర్డు చూడండి, బడి బోర్డు చూడండి, ఆర్టీసీ బస్సు బోర్డు చూడండి, ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. గూగుల్ మ్యాప్స్ చూసి మాత్రం ఎక్కించకూడదు, లైసెన్సు ఒప్పుకోదు.

బోర్డుకో రకంగా ఉంటే? ఇచ్ఛాపురాన్నే తీసుకోండి. ‘ఇచ్చాపురం’ అనీ రాస్తారు, ‘ఇచ్ఛాపురం’ అనీ రాస్తారు. ఎక్కువ వాడుకలో ఉన్నది ‘నేమ్ కోలన్ టీఈ’లో పెట్టి, రెండోది ‘ఆల్ట్ నేమ్ కోలన్ టీఈ’లో (alt_name:te, అంటే మరో పేరు) పెట్టండి. వెతికేవాళ్లు ఎలా కొట్టినా దొరకాలి కదా. ఒడిశా సరిహద్దు ఊరు, ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు, కాబట్టి ‘నేమ్ కోలన్ ఓఆర్’ కూడా ఉండాలి. అది ఒడియా రాయడం వచ్చినవాళ్లతోనే రాయించండి. అలాగని వాడుకలో లేని లిపులన్నిట్లోకీ మార్చి నింపక్కర్లేదు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవరవాళ్లు తమ గూడేన్ని తమ భాషలో వేరే పేరుతో పిలుచుకుంటే దానికీ చోటుంది, కోడ్ ‘ఎస్‌ఆర్‌బీ’. గిడుగు రామమూర్తి గారు నిఘంటువు తయారుచేసిన భాష అది. ఆ పేర్లు వాళ్ల నోటితో విని ఎవరైనా ఎక్కిస్తే బావుండునని నాకు చాలా కోరిక.

రైల్వే స్టేషన్ దగ్గర కాస్త జాగ్రత్త. ఆమదాలవలసలో ఉన్న స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. బోర్డు మీద ఉన్నదే స్టేషన్ పేరు, ఊరి పేరు చూసి దిద్దకండి. దాని కోడ్ ‘సీహెచ్ఈ’, ఇంగ్లీషువాళ్ల కాలంనాటి ‘చికాకోల్’ నుంచి వచ్చింది. ఆ చికాకోల్‌ని శ్రీకాకుళం పట్టణానికి ‘ఓల్డ్ నేమ్’ (old_name) ట్యాగులో పెట్టాలి.

ఇప్పుడు ఈ రెండూ చూడండి: ‘శ్రీకాకుళం’, ‘శ్రీకాకుళ౦’. కంటికి తేడా తెలీడం కష్టం. రెండో దాంట్లో చివర ఉన్నది ‘అం’లో వచ్చే సున్న (అనుస్వారం) కాదు, అంకెల్లో వాడే తెలుగు సున్నా. కంప్యూటర్‌కి అవి రెండు వేరే అక్షరాలు, అందుకే వెతికితే పేరు దొరక్కుండా పోతుంది. పాత ఫైళ్లలోంచి కాపీ చేసిన పేర్లలో ఇది తరచూ వస్తుంది. ఫ్లెక్స్ షాపులవాళ్లు వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్ల ఫైలైతే అసలు అక్షరాలే పిచ్చి గుర్తులైపోతాయి. కాబట్టి కాపీ కొట్టకుండా యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కీబోర్డుతో మీరే టైపు చేయండి.

సేవ్ నొక్కినప్పుడు ఏ బోర్డు చూసి రాశారో కామెంట్‌లో ఒక ముక్క రాయండి. తెలుగు పేరు లేని ఊళ్లు ఇంకా ఏవున్నాయో చూడాలంటే ఈ మ్యాప్‌లోని సమాచారాన్ని వెతికిపెట్టే ఓవర్‌పాస్ టర్బో అనే వెబ్‌సైట్ తెరిచి, ఊరు అని చెప్పే ‘ప్లేస్’ ట్యాగు ఉండి ‘నేమ్ కోలన్ టీఈ’ లేని గుర్తులు కావాలని అడగండి. మీ మండలం వరకే జూమ్ చేసి రన్ కొట్టండి, జాబితా వచ్చేస్తుంది.