సిగ్నల్ దగ్గర హ్యాండ్ బ్రేక్ వేస్తే నామోషీనా?

"సిగ్నల్ దగ్గర హ్యాండ్ బ్రేక్ ఎందుకండీ, అది పార్కింగ్‌కి కదా!" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. డ్రైవింగ్ టెస్టులో ఏం చూడాలో చెప్పే 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు తీసి చూడండి. ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా కదిలించాలన్న చోట హ్యాండ్ బ్రేక్ పేరు ఉంది.

నిండు బిందె చంకనెత్తుకుని వస్తుంటే పక్కింటావిడ పలకరించింది. రెండు మాటలైతే అలాగే నిలబడి మాట్లాడతాం. పెళ్లి సంబంధాల దాకా వెళ్లిందంటే బిందె అరుగు మీద దించుతాం. చంక ఫుట్ బ్రేక్, అరుగు హ్యాండ్ బ్రేక్. అంతే తేడా.

ఇప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జామ్ అయింది. కొందరు మహానుభావులు ఏ బ్రేకూ తొక్కరు, హాఫ్ క్లచ్ మీద బండిని అలా ఊపుతూ నిలబెడతారు. అదేదో పనితనం అనుకుంటారు కూడా! బిందెను చంకలో కూడా పెట్టుకోకుండా, చేతులు చాచి పట్టుకుని కబుర్లాడినట్టు. ఇంజిన్ ముందుకు లాగుతుంది, ఎత్తు వెనక్కి లాగుతుంది, మధ్యలో క్లచ్ ప్లేటు రాసుకుని కాలుతుంది. ఆ మాడు వాసన మీ డబ్బులదే. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ పూర్తిగా తొక్కి కూర్చున్నా, క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ అరుగుతూనే ఉంటుంది. న్యూట్రల్ చేయండి.

అరుగు ఉందో లేదో చూసుకోకుండా బిందె దించం కదా? హ్యాండ్ బ్రేక్ ఒక్కటే వేస్తే వెనక ఎర్ర లైట్లు వెలగవు. అందుకని వెనక బండి వచ్చి ఆగేదాకా కాలు బ్రేక్ మీదే ఉంచండి. అది ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగి కాలు తీయండి. రాత్రిపూట వెనకాయన కళ్లకూ హాయి.

టైమ్ అయిపోతోంది, ఆటోమేటిక్ వాళ్లకు గబగబా చెప్పేస్తా. కాసేపే అయితే డి (డ్రైవ్) లో ఉంచి బ్రేక్ తొక్కండి. ఎక్కువసేపైతే ఎన్ (న్యూట్రల్) లో పెట్టి హ్యాండ్ బ్రేక్. పి (పార్కింగ్) వద్దు, దానికి ఆర్ (రివర్స్) దాటి వెళ్లాలి, రివర్స్ లైటు వెలిగి వెనకాయన హడలిపోతాడు. ఆగిన బండికి బ్రేక్ తనే పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉంటే అదే చూసుకుంటుంది.

గేర్ల బండి వాళ్లు, సిగ్నల్ కౌంట్‌డౌన్ ఐదుకు రాగానే ఫస్ట్ గేర్. హారన్ల మోతకు కంగారుపడి హ్యాండ్ బ్రేక్ దించకుండా కదలకండి, డాష్‌బోర్డులో ఎర్ర దీపం ఆరిందో లేదో చూసుకోండి.