కాశీలో ఎక్కడ దిగాలి: మా వాకర్స్ క్లబ్ మీటింగ్‌లో మాట్లాడింది

అందరికీ నమస్కారం అండి. ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, ముందు వరసలో కూర్చున్న అమ్మలకి, వెనకాల ఉప్మా వాసనకి తలలు తిప్పి చూస్తున్న మిత్రులకి కూడా. కార్తీకంలో మన క్లబ్ నుంచి 38 మంది కాశీ వెళ్తున్నారు కదా, వాళ్ళకి ఏ పేటలో రూములు తీసుకుంటే మంచిదో ఐదు నిమిషాల్లో చెప్పమన్నారు నన్ను. చెప్తాను. కానీ రూముల సంగతి చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి, అది ఐదు నిమిషాల్లో తెమలదు, ముందే చెప్పేస్తున్నా.

2016లో అమ్మని తీసుకెళ్ళానండి. ఆవిడకప్పుడు 76. కార్తీకం వస్తే కోటిలింగాల రేవులో తెల్లారకుండా మునిగి వచ్చే మనిషి, అప్పటికి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. ఆవిడ కోరిక ఒక్కటే, కాశీలో తొమ్మిది నిద్రలు చెయ్యాలి. తల్లి కడుపులో తొమ్మిది నెలలకి ఇక్కడ తొమ్మిది రాత్రులు, అవి చేస్తే మళ్ళీ పుట్టే పని ఉండదంటారు కదా. నాకేమో లీవు లేదు, మూడు రాత్రులే అన్నాను, తొమ్మిదిలో మూడోవంతు వస్తుంది కదమ్మా అని లెక్క కూడా చెప్పాను, బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది.

రూము నేనే చూశా, ఆన్‌లైన్‌లో. కంటోన్మెంట్ వైపు మంచి హోటల్, లిఫ్టు ఉంది, ఏసీ ఉంది, పొద్దున్న టిఫిన్ ఉంది, ఫోటోల్లో పరుపులు తెల్లగా మెరిసిపోతున్నాయి. గంగకి పది నిమిషాలు అని రాశారు. కారుకి పది నిమిషాలా హెలికాప్టర్‌కి పది నిమిషాలా అనేది రాయలేదు.

మొఘల్‌సరాయ్‌లో రైలు దిగాం, ఆ స్టేషన్‌కి 2018లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు, మీ టికెట్ మీద ఆ పేరుంటే కంగారు పడకండి, అది గంగకి అవతల పక్క ఉంటుంది, ఊళ్ళోకి ఇంకా పదిహేను కిలోమీటర్ల పైనే. ఆటో రాజఘాట్ వంతెన మీదికి రాగానే అమ్మ చెంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసింది, ఆపమని చెప్పరా అంది. వెనకాల లారీలు హారన్లు, ఆటోవాడు ఆపలేదు. బిళ్ళ ఆవిడ గుప్పిట్లోనే ఉండిపోయింది.

మర్నాడు తెల్లారి నాలుక్కి లేచి ఆటో ఎక్కితే గొదౌలియా దగ్గర ఆపేసి "ఆగే నహీ జాయేగా" అన్నాడు. అక్కణ్ణించి దశాశ్వమేధ ఘాట్‌కి నడకే. కిలోమీటరు కూడా ఉండదు, మీకూ నాకూ లెక్క కాదు, పొద్దున్నే నాలుగు రౌండ్లు కొట్టేవాళ్ళం. మా అమ్మకి మాత్రం అది హిమాలయం. సగం దారిలో ఒక కొట్టు అరుగు మీద కూర్చుంది. ఎలాగో దింపాను, మెట్ల చివర కూర్చోబెట్టి నీళ్ళు తెచ్చి నెత్తిన చల్లాను, స్నానం కాలేదు. మిగతా రెండు రోజులూ ఆవిడ హోటల్ రూములోనే ఉండిపోయింది. కిటికీ తీస్తే పార్కింగు. రెండో రాత్రి లైటు తీశాక అడిగింది, ఒరేయ్, ఇక్కడ పడుకుంటే కాశీ నిద్ర కింద లెక్కకొస్తుందంటావా అని. నేను నిద్రపోయినట్టు నటించాను.

సరే, పాయింటుకొస్తా, సెక్రటరీ గారు వాచీ చూస్తున్నారు.

కాశీలో ఘాట్లన్నీ పడమటి ఒడ్డునే ఉన్నాయండి, తూర్పు ఒడ్డు ఖాళీ ఇసక, అందుకే సూర్యుడు ఎదురుగా నీళ్ళ మీద లేస్తాడు. దానికోసమే పోతాం అంత దూరం. కాబట్టి తెల్లారి నాలుక్కి మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో అక్కడికి దగ్గర్లో పడుకోవాలి, స్టార్లు చూసి కాదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు స్టేషన్ దగ్గర రూము తీసుకుని, ఊరంతా ట్రాఫిక్కేనండి అని తిరిగొచ్చి చెప్తారు. వాళ్ళు చూసింది ట్రాఫిక్కే మరి.

మనవాళ్ళకి నేను చెప్పేది కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ, ఆ చుట్టుపక్కల. తెలుగువాళ్ళు తరతరాలుగా దిగే చోటు, శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం అక్కడే ఉంది, అన్నం పప్పు దొరుకుతాయి, సందులో ఎవరో ఒకరు తెలుగులో పలకరిస్తారు. గౌరీ కేదారేశ్వరుడి గుడి నది వైపు నుంచి చూస్తే తెలుపు ఎరుపు చారలతో మన దక్షిణాది గుడిలాగే ఉంటుంది. కాశీని ఓంకార, విశ్వేశ్వర, కేదార అని మూడు ఖండాలుగా చెప్తారు, కేదార ఖండంలో పోయినవాళ్ళకి భైరవ యాతన, అంటే పాపాలకి కాలభైరవుడు వేసే శిక్ష, అది కూడా ఉండదంటారు. పోవడానికి కాదు లెండి మనం వెళ్ళేది, నవ్వకండి. పొద్దున్నే పడవ మాట్లాడుకుంటే లలితా ఘాట్ దగ్గర దిగొచ్చు, 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక గంగ వైపు నుంచే విశ్వనాథుడి గుడికి దారి పడింది, గొదౌలియా రద్దీ తప్పుతుంది.

అయితే కేదార్ ఘాట్ దగ్గర మెట్లున్నాయి, నిటారుగా. పక్కనే హరిశ్చంద్ర ఘాట్, చితులు కాలుతూనే ఉంటాయి, గాలి ఇటు తిరిగితే పొగ గదిలోకొస్తుంది. అది పడనివాళ్ళు, పిల్లల్ని తెచ్చేవాళ్ళు అస్సీ వైపు వెళ్ళండి. కాస్త విశాలం, ఆటో దగ్గరదాకా వస్తుంది, తెల్లారుజామున అక్కడే హారతి, పాట. సంకట్‌మోచన్, దుర్గాకుండ్, తులసీ మానస మందిరం, యూనివర్సిటీ అన్నీ అటే. విశ్వనాథుడి గుడి మాత్రం మూడు కిలోమీటర్లు. వానాకాలంలో ఘాట్లు మునుగుతాయి, ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కి నడిచే దారే ఉండదు, మనం కార్తీకంలో కాబట్టి ఆ బాధ లేదు కానీ పౌర్ణమికి దేవ్ దీపావళి, ఇసకేస్తే రాలరు, రూములు ఇప్పుడే చూసుకోవాలి.

ఫోన్ చేసినప్పుడు ఏసీ ఉందా గీజర్ ఉందా అని తర్వాత అడుగుదురుగాని, ముందు అడగాల్సింది ఆటో దిగాక సందులో ఎంత దూరం నడవాలి, గది ఎన్నో అంతస్తు, లిఫ్టు లేకపోతే ఎన్ని మెట్లు. "గంగ కనిపిస్తుంది" అంటారు, కనిపించేది మేడ మీదనుంచి, ఆ మేడ నాలుగో అంతస్తు, మెట్లు మన పాతిళ్ళ అటక మెట్లలా ఉంటాయి. అడగండి. సిగ్గుపడకుండా రెండుసార్లు అడగండి. నేను అడగలేదు.

2022లో మళ్ళీ వెళ్ళాను. ఈసారి రిటైర్ అయ్యాను, లీవు గొడవ లేదు. అమ్మ చిన్న మట్టికుండలో వచ్చింది, పైన తెల్లగుడ్డ కట్టి. కేదార్ ఘాట్ పక్క సందులో కింది గదే తీసుకున్నా, బయటికొచ్చి రెండు మలుపులు తిరిగితే మెట్లు. పని మొదటి రోజే అయిపోయింది. పదో రోజు పొద్దున్న బయల్దేరాను. ఆ రూపాయి బిళ్ళ మా ఆవిడ అమ్మ పెట్టెలో చూసి ఇచ్చింది నాకు, అది కూడా వేసొచ్చాను.

ఇప్పుడు మీ దగ్గరికి ఒక కాయితం వస్తోంది. పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆ తర్వాత నాలుగో గడి నేనే గీయించాను, "మోకాళ్ళు" అని. ఎన్ని మెట్లు ఎక్కగలరో నిజం రాయండి బాబూ, దాన్నిబట్టే ఎవరు కేదార్ ఘాట్ ఎవరు అస్సీ అని విడగొడతాం. శ్రీశైలం ట్రిప్పుకి అందరూ "బాగున్నాయి" అని రాసి పాతాళగంగ మెట్ల మధ్యలో వరసగా కూర్చుండిపోయారు, నాకింకా గుర్తుంది. పెన్ను వెనక వరసకి ఇవ్వండమ్మా.