మోకరించలేని విశ్వాసి ప్రశ్న

యాంకర్: లైన్‌ల నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి ఒక అన్న ఉన్నరు. చెప్పండన్నా.

కాలర్: వందనాలు అయ్యగారూ. నాది ఫ్లోరైడ్ బీమారి. నడుము వంగదు, మెడ తిరగదు. ప్రార్థనల అందరు మోకరిస్తే నేను గోడకు ఆనుకొని నిలబడత. మొన్న కూటంల ఒకాయన, 'మీ కన్నోళ్ల పాపం ఉంది, ఉపవాసముండి ఒప్పుకో, బాగైతది' అన్నడు. దేవుడే ఇచ్చిండా ఇది?

పాస్టర్: వందనాలన్నా. శిష్యులు గూడ ఇదే అడిగిండ్రు, యోహాను 9వ అధ్యాయంల. పుట్టుగుడ్డివాణ్ని చూసి, పాపం వీనిదా, వీని కన్నోళ్లదా అన్నరు. యేసు ఎవరిదీ కాదన్నడు. తర్వాత 'దేవుని క్రియలు' వీనిల కనవడాలె అన్న మాట ఉంది గదా, దాన్ని పట్టుకొని దేవుడే కావాలని గుడ్డివాణ్ని చేసిండని చెప్పేటోళ్లున్నరు. నేనట్ల చదవను. ఆయన అక్కడ కారణాలు లెక్కవెట్టలే, ఉమ్మితోని బురద చేసి కండ్లకు పూసిండు. మీ జబ్బు ఎట్లొచ్చిందో డాక్టరమ్మను చెప్పనియ్యండి.

డాక్టర్: మన దిక్కు గ్రానైట్ రాళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ బోరు నీళ్లల్ల కరుగుతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏండ్లకేండ్లు తాగితే ఎముకలకు పట్టి కీళ్లు బిగుసుకపోతయి. బిగుసుకున్నది మళ్ల మామూలు గావుడు కష్టం, ముదరకుండ మాత్రం ఆపొచ్చు. నీళ్లు కాగవెడితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరి పోయి ఇంకింత చిక్కబడతది. తాగేటందుకే కాదు, అన్నం పప్పుకు గూడ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. పాలు, రాగులు, ఉసిరి మంచివి. నల్ల ఉప్పు, డికాషన్ తగ్గించండి. నొప్పి గోలీలు వేసుకుంటున్నరా?

కాలర్: రోజూ అమ్మా.

డాక్టర్: అయితే ఉపవాసం వద్దు. ఖాళీ కడుపున అవి వేసుకుంటే కడుపుల పుండు పడతది, రక్తం గూడ పోవచ్చు. మలం నల్లగొస్తే గోలీలు ఆపి దవాఖానకు పోవాలె.

పాస్టర్: మోకాళ్ల సంగతి మనసుల పెట్టుకోకండి. బైబిల్ల హిజ్కియా రాజు చావుబతుకుల జబ్బు పడ్డప్పుడు మంచం మీదనే గోడ తట్టు ముఖం తిప్పుకొని ప్రార్థించిండు. అదే అధ్యాయంల, యెషయా 38ల, పుండుకు అంజూరపు ముద్ద కట్టుమన్నరు. ప్రార్థనకు మందు అడ్డం కాదు.

కాలర్: ప్రార్థనకు మాటలే వస్తలేవు.

పాస్టర్: 13వ కీర్తన తియ్యండి, ఆరే వచనాలు. మొదటి రెండు ఫిర్యాదు. అక్కడ ఆగి మీ ఫిర్యాదులు పేరువెట్టి చెప్పండి: నడుము, పట్టని నిద్ర, కూటంల ఆయన అన్న మాట. 3, 4 వచనాలల్ల ఏం కావాల్నో అడగండి. 5, 6 నమ్మకం. అది నోట్లకెళ్లి రాకపోతే ఆ రోజు నాలుగో వచనం కాడనే ఆపండి. 88వ కీర్తన చీకటిలనే ముగుస్తది, అదీ దేవుని వాక్యమే. చానమంది ఏం చేస్తరంటే, ఏడ్వకముందే, అన్నీ మేలుకే జరుగుతయనే రోమా 8:28 చదివిస్తరు. దుఃఖం లోపల్నే ఉండిపోతది, కొన్నాళ్లకు మనిషి సంఘానికి రాడు.

కాలర్: మరి ఈ బాధకు అర్థమేంది అయ్యగారూ?

పాస్టర్: అది ఫోన్‌ల నేను చెప్పేది కాదన్నా. పౌలు మూడుసార్లు వేడుకున్నా, శరీరంల ముల్లు అని ఆయన చెప్పుకున్న బాధ పోలే. 'నా కృప నీకు చాలును' అని ఆయనకు ప్రభువే చెప్పిండు, పక్కోళ్లు గాదు. కష్టాలల్ల ఉన్న యోబు కాడికి వచ్చిన స్నేహితులు, ఆయన్ను తప్పువట్టక ముందు, ఏడు రోజులు నోరు మెదపకుండ కూసున్నప్పుడే బాగుండె.

కాలర్: కూటంల ఆయనకు ఏం చెప్పాలె?

పాస్టర్: ఆ స్నేహితుల మీద దేవుడు కోప్పడ్డ యోబు 42:7 చదువుమనండి, వాదం పెట్టుకోకండి. అట్లనే సంఘ పెద్దలను ఒక కుర్చీ అడగండి.

డాక్టర్: వీపు ఆనేది, ఎత్తున్నది. ప్లాస్టిక్ స్టూలు వద్దు.