ఊదా రంగు సంచి

నమస్కారమండీ. ఇవాళ మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన అసలు పేరేంటో మాత్రం చెప్పలేను, ఎందుకంటే అది ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. హోటల్లో దిగినప్పుడు పీటర్ బెర్గ్‌మన్ అని రాశాడు, అది మారుపేరు. మనకీ ఇంకో పేరు లేదు కాబట్టి పీటర్ అనే పిలుచుకుందాం.

ఐర్లండ్‌లో వాయవ్యం వైపు, అట్లాంటిక్ సముద్రానికి దగ్గర్లో స్లైగో అని ఓ చిన్న పట్నం. 2009 జూన్ 12, శుక్రవారం సాయంత్రం ఆరున్నర వేళ డెర్రీ నుంచి వచ్చిన బస్సు దిగాడాయన. సన్నటి మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, నీలి కళ్ళు, నల్లటి తోలు జాకెట్, వయసు అరవైకి అటూ ఇటూ. టాక్సీ మాట్లాడుకుని వెళ్ళి స్లైగో సిటీ హోటల్లో దిగాడు. గదికి రోజుకి 65 యూరోలు, అంతా నోట్లలోనే కట్టాడు. మాట్లాడేది ఇంగ్లీషే గానీ జర్మన్ యాస బాగా వినబడుతోంది. అడ్రసు అడిగితే ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఫలానా వీధి అని రాసి, పక్కన 4472 అని పిన్‌కోడ్ వేశాడు. వియన్నాలో పిన్‌కోడ్‌లన్నీ ఒకటితో మొదలవుతాయండీ. హైదరాబాద్ అని రాసి పక్కన ఆరుతో మొదలయ్యే పిన్‌కోడ్ వేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఆ వీధి కూడా లేదని పోలీసులు తర్వాత తేల్చారు. మన దగ్గరైతే లాడ్జిలో ఏదో ఒక గుర్తింపు కార్డు చూపించందే తాళంచెవి చేతిలో పెట్టరు. అక్కడ ఆ సాయంత్రం ఆయన ఏది రాస్తే అదే పేరైపోయింది.

ఇక ఆ సంచి సంగతి. ఊదా రంగు ప్లాస్టిక్ సంచి, కూరగాయలకి తీసుకెళ్ళేలాంటిది. హోటల్లో సీసీ కెమెరాలున్నాయి కాబట్టి ఈ కథంతా మనకి తెలుస్తోంది. ఆ మూడు రోజుల్లో పీటర్ 13 సార్లు ఆ సంచి నిండా ఏవో పెట్టుకుని బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు చేతులు ఖాళీ. సంచిని మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చేవాడు. మళ్ళీ కాసేపటికి అదే సంచి నిండుగా. ఊళ్ళో ఎక్కడెక్కడ ఏమేం పారేశాడో ఒక్క కెమెరాలోనూ పడలేదు. ఎటు తిరిగితే కెమెరాకి దొరకమో చూసుకుని మరీ నడిచినట్టుందని, ఆ వీడియోలు గంటల తరబడి చూసిన పోలీసులకి అనిపించింది. పారేసిన వస్తువు ఒక్కటీ దొరకలేదు.

పదమూడు సార్లు! ఇది మొదటిసారి చదివినప్పుడు నేను లేచి నా సొంత బ్యాగు తెరిచి చూసుకున్నాను. మన పేరు మనతో పాటు ఎన్ని చోట్ల ఉంటుందో ఎప్పుడైనా చూశారా? మందుల చీటీ మీద ఉంటుంది, కళ్ళద్దాల డబ్బాలో మడిచి పెట్టిన బిల్లు మీద ఉంటుంది, బ్యాంకు కార్డు మీద సరేసరి, పాత రైలు టికెట్ వెనక ఎప్పుడో రాసుకున్న ఫోన్ నంబర్ ఉంటుంది, పర్సులో పిల్లల ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటుంది. వాటిని ఒక్కొక్కటే ఏరి, సంచిలో వేసుకుని, నడిచి వెళ్ళి ఎక్కడో వదిలేసి రావాలంటే ఎంత ఓపిక కావాలి, ఎంత నిబ్బరం కావాలి. ఒంట్లో బాగున్నవాడికే కష్టం. ఆయన ఒళ్ళు ఎలా ఉందో కాసేపట్లో చెబుతాను.

బట్టల లేబుళ్ళు కూడా కత్తిరించేశాడు. దీని గురించి మన పెద్దవాళ్ళకి ఒక మాట చెప్తే వెంటనే అర్థమవుతుంది. ఒకప్పుడు ఉతకడానికి వేసిన బట్టలు కలిసిపోకుండా చొక్కా కాలర్ లోపల, పంచె అంచున నల్లజీడి రసంతో చిన్న గుర్తు వేసేవాళ్ళు, దోబీ మార్కు అనేవాళ్ళు దాన్ని. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. గుర్తు తెలియని శవం దొరికితే మన దేశంలో పోలీసులు ముందు ఆ మార్కు కోసమే చూసేవాళ్ళు, అది పట్టుకుని వీధి దాకా, ఇంటి దాకా వెళ్ళేవాళ్ళు. అంటే మనం చెప్పకపోయినా మన బట్టలు చెప్తాయి. పీటర్ వాటి నోరు కూడా మూయించాడు.

శనివారం ఉదయం పోస్టాఫీసుకి వెళ్ళి 82 సెంట్ల స్టాంపులు ఎనిమిది కొన్నాడు, వాటితో పాటు ఎయిర్‌మెయిల్ స్టిక్కర్లూ తీసుకున్నాడు. 82 సెంట్లంటే అప్పట్లో ఐర్లండ్ నుంచి విదేశాలకి పంపే మామూలు ఉత్తరం రేటు. ఈ స్టాంపుల దగ్గరికి మళ్ళీ వస్తాను, మర్చిపోకండి.

ఆదివారం టాక్సీ ఎక్కి, ఈత కొట్టడానికి సందడి లేని బీచ్ ఏదైనా ఉందా అని డ్రైవర్ని అడిగాడు. డ్రైవర్ రోసెస్ పాయింట్ అని ఊరికి దగ్గర్లో ఉన్న బీచ్‌కి తీసుకెళ్ళాడు. పీటర్ దిగి, ఓసారి చూసుకుని, అదే టాక్సీలో తిరిగొచ్చేశాడు.

సోమవారం, జూన్ 15. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గది ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చేశాడు. బస్టాండుకి వచ్చి ఒక కాపుచినో, ఒక టోస్ట్ శాండ్‌విచ్ తీసుకుని కూర్చున్నాడు. జేబులోంచి ఏవో కాగితాలు తీసి చదివాడు. చదివినవాటిని చింపి చెత్తబుట్టలో వేశాడు. తర్వాత రోసెస్ పాయింట్‌కి వెళ్ళే 2:20 బస్సు ఎక్కాడు. ఆ కాగితాల దగ్గరే నా మనసు ఆగిపోతుందండీ. అన్ని పారేసినవాడు వాటిని మాత్రం చివరి గంట దాకా ఉంచుకున్నాడు, పారేసే ముందు కూడా ఇంకోసారి చదువుకున్నాడు.

ఆ రోజు బీచ్‌లో ఆయన్ని చూశామని తర్వాత పదహారు మంది చెప్పారు. ఎదురొచ్చినవాళ్ళని పలకరించాడట. జూన్ నెలలో అక్కడ రాత్రి పది దాటితే గానీ పొద్దు గుంకదు, కాబట్టి చాలాసేపు వెలుతురులోనే అటూ ఇటూ తిరిగాడు.

మంగళవారం ఉదయం ఆరూముప్పావుకి వ్యాయామానికని వచ్చిన తండ్రీకొడుకులకి ఒడ్డున శవం కనబడింది. ఈత దుస్తులు వేసుకుని ఉన్నాడు. బట్టలు ఇసుకలో పడున్నాయి. డబ్బు లేదు, గుర్తింపు కార్డు లేదు, పేరు చెప్పేది ఏదీ లేదు.

పోస్టుమార్టంలో తేలింది వింటే ఆ పదమూడు నడకలూ వేరేగా కనబడతాయి. ముదిరిపోయిన ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకి కూడా పాకింది. ఒక కిడ్నీ ఎప్పుడో తీసేశారు. అంతకుముందు గుండెపోటు వచ్చిన గుర్తులున్నాయి. ఎముకల్లో క్యాన్సర్ ఎంత నొప్పి పెడుతుందో, ఇంట్లో అలాంటివాళ్ళకి సేవ చేసినవాళ్ళెవరైనా వింటుంటే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆయన రక్తంలో మాత్రం నొప్పి మాత్ర ఆనవాలు కూడా లేదు. ఎవరో కొట్టిన దెబ్బల్లేవు, ఉప్పునీట మునిగి చనిపోయినవాళ్ళలో మామూలుగా కనిపించే లక్షణాలు కూడా స్పష్టంగా లేవు. ఐర్లండ్ పోలీసులు, వాళ్ళని అక్కడ గార్డా అంటారు, ఐదు నెలలు తిరిగారు. పళ్ళకి మంచి వైద్యం చేయించుకున్నాడు, బంగారు పన్ను కూడా ఉంది. ఎక్కడో ఒక దంతవైద్యుడి దగ్గర ఫైలు ఉండే ఉంటుంది. అదీ దొరకలేదు.

చాలామంది గూఢచారి అన్నారు, నేరం చేసి పారిపోయి వచ్చాడన్నారు. నాకలా అనిపించదు. జబ్బు సంగతి తెలిసిన మనిషి, తన చావు ఎవరికీ భారం కాకూడదని దూరంగా వచ్చాడేమో అనిపిస్తుంది. ఆయన పేరు వెతక్కుండా ఉండటమే ఆయన్ని గౌరవించడమని కొందరంటారు, పేరు వద్దనుకున్నాడు కదా, వదిలేయండి అంటారు. నేను ఒప్పుకోలేను. ఎందుకో చెబుతాను.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో అమండా పార్క్ అని చిన్న ఊరు. 2001లో అక్కడ ఒక మోటెల్‌లో ఒక కుర్రాడు లైల్ స్టెవిక్ అని పేరు రాసి దిగి, ఆ గదిలోనే ప్రాణం తీసుకున్నాడు. అదీ మారుపేరే. పదిహేడేళ్ళ తర్వాత, 2018లో, డీఎన్‌ఏ పరీక్షలతో వంశవృక్షాలు వెతికే స్వచ్ఛంద కార్యకర్తలు అతనెవరో కనిపెట్టారు. పాతికేళ్ళవాడు. ఆ ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళూ అతను బతికే ఉన్నాడనీ, తమతో మాట్లాడటం ఇష్టం లేక దూరంగా ఉంటున్నాడనీ అనుకుంటున్నారు. పదిహేడేళ్ళు! ప్రతి పండక్కీ, ఈసారైనా ఫోన్ చేస్తాడేమో అనుకునే ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించండి. పేరు బయటపెట్టొద్దని ఆ కుటుంబం అడిగింది, ఆ కార్యకర్తలూ బయటపెట్టలేదు. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది. లోకానికి పేరు తెలియక్కర్లేదు, ఆ ఇంటికి తెలిస్తే చాలు.

మన పేపర్లలో జిల్లా పేజీలో రోజూ ఓ మూల కనబడుతుంది కదా, ఫలానా రైల్వే ట్రాక్ పక్కన గుర్తు తెలియని వ్యక్తి, వయసు సుమారు నలభై, నీలం గళ్ళ చొక్కా, ఎడమ చేతిపై పచ్చబొట్టు, ఆచూకీ తెలిసినవారు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు అని. నేను ఆ నాలుగు లైన్లూ దాటేయకుండా చదువుతాను. ఆ గళ్ళ చొక్కా ఎవరో కొనిపెట్టిందే అయ్యుంటుంది.

పీటర్‌ని 2009 సెప్టెంబర్ 18న స్లైగో శ్మశానంలో ఖననం చేశారు. కొద్దిమంది పోలీసులు వచ్చారు. చుట్టమన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆ స్టాంపుల సంగతి మళ్ళీ వస్తానన్నాను. అన్నీ పారేసుకుంటున్న మనిషి ఆ మూడు రోజుల్లో కొత్తగా కొని తెచ్చుకున్నవాటిలో మనకి తెలిసింది, తిండి కాకుండా, ఆ స్టాంపులూ స్టిక్కర్లే. ఎవరూ లేనివాడు విదేశానికి ఉత్తరం రేటు కట్టి ఎనిమిది స్టాంపులు ఎందుకు కొంటాడు? ఎనిమిది మందికి ఒక్కొక్కటి అంటించాడో, ఒకే బరువైన కవరు మీద అన్నీ వరసగా అంటించాడో. ఉత్తరం మాకు అందిందని ఇన్నేళ్ళలో ఎవరూ ముందుకు రాలేదు. శనివారం కొన్నాడు, మంగళవారం తెల్లారేసరికి లేడు. ఆ శని, ఆదివారాల్లో డబ్బాలో వేసుంటే, ఒడ్డున ఆ తండ్రీకొడుకులు ఆయన్ని చూసే సమయానికి ఆ కవర్లు ఇంకా దారిలోనే ఉండి ఉంటాయి.